పెట్ట నలతగా ఉందా, గుడ్డుకొచ్చిందా? తేల్చుకునే పద్ధతి

ఐదో నెల నడుస్తున్న పెట్ట. నిన్నటిదాకా మేత గిన్నె చప్పుడు వింటే అన్నిటికంటే ముందు ఉరికొచ్చేది. ఇవాళ గూటి పక్కన ఒక్కతే నిలబడింది. దగ్గరికి వెళ్తే పారిపోవాల్సింది పోయి, నేలకి కరుచుకుని కూర్చుండిపోయింది. మొదటిసారి కోళ్లు పెంచేవాళ్లకి సరిగ్గా ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఇది జబ్బా, గుడ్డా?

నా మొదటి పెట్ట ఇలా కూర్చుంటే జబ్బే అనుకున్నాను. అట్టపెట్టెలో వేరుగా పెట్టి రాత్రంతా లేచి లేచి చూశాను. తెల్లారేసరికి పెట్టెలో పావురం గుడ్డంత గుడ్డు ఉంది, పెట్ట మాత్రం బయటికి వదలమని గోల పెడుతోంది. కొన్నాళ్లకి ఇంకో పెట్ట విషయంలో పూర్తిగా తిరగబడింది. "గుడ్డుకొచ్చిందిలే" అని మూడు రోజులు పట్టించుకోలేదు. నాలుగో రోజు అది లేవలేదు. మొదటి పొరపాటుకి పోయింది ఒక రాత్రి నిద్ర, రెండోదానికి పోయింది ఒక ప్రాణం. అందుకే ఇప్పుడు ఊహతో తేల్చను. కింద రాసిన వరసలో చూసుకుంటూ వెళ్తాను.

ఒక్క విషయం మాత్రం మొదటి నుంచీ మనసులో ఉంచుకోండి. గుడ్డుకొచ్చే పెట్టలో ఎరుపు, ఆకలి, తిరుగుడు, అరుపు అన్నీ ఎక్కువవుతాయి. జబ్బు పెట్టలో అవే తగ్గుతాయి. కొత్తగా ఏదో చేస్తోందంటే కంగారు అక్కర్లేదు. రోజూ చేసేది మానేసిందంటే మాత్రం జాగ్రత్త పడాలి.

ముందు వయసు లెక్క

గుడ్ల కోసమే తీర్చిదిద్దిన తేలిక జాతులు 18 నుంచి 20 వారాలకి గుడ్డుకొస్తాయి, కొన్ని 16, 17 వారాలకే. బరువైన జాతులకి 22 నుంచి 26 వారాలు పడుతుంది. పెరటి నాటు జాతుల్లో ఆరేడు నెలలైనా మామూలే. పగటి వెలుగు కూడా లెక్కలోకి వస్తుంది. రోజుకి సుమారు 14 గంటల వెలుగు ఉంటే గుడ్డు చురుగ్గా కడుతుంది. పగలు కురచవుతున్న రోజుల్లో ఈడుకొచ్చిన పెట్ట కొన్ని వారాలు ఆలస్యం చేస్తుంది. అది జబ్బు కాదు.

ఈ లెక్క ఎందుకంటే, 12 వారాల పిల్ల మూలన కునుకుతుంటే దానికి గుడ్డు వంక వెతకకూడదు. ఆ వయసులో ఒకటే ప్రశ్న: ఏం జబ్బు?

ఇంకో మాట కూడా, నవ్వకండి. మీరు గుడ్డు కోసం ఎదురుచూస్తున్నది పెట్టేనా? తోటివాటికంటే ఎంతో ముందుగా, 8, 10 వారాలకే నెత్తి మీది తురాయి ఎర్రగా పెరిగి, నడుం దగ్గర ఈకలు సన్నగా మొనదేలి కిందికి వేలాడుతుంటే అది పుంజు. ఎన్నాళ్లు చూసినా గుడ్డు రాదు.

దూరం నుంచి పది నిమిషాలు

కోడి తన నలతని దాచుకుంటుంది. బలహీనంగా కనబడిన కోడిని తోటి కోళ్లే పొడుస్తాయి, వేటాడే జంతువు ముందు దాన్నే పడుతుంది. అందుకే మనిషి దగ్గరికొస్తే జబ్బు కోడి కూడా తల ఎత్తి కాసేపు హుషారుగా ఉన్నట్టు నటిస్తుంది. కిటికీ వెనకనుంచో, గోడ చాటునుంచో చూడండి. అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది.

జబ్బు పెట్ట మెడని భుజాల్లోకి లాక్కుని, తోక దించేసి, ఈకలు ఉబ్బించుకుని ముద్దలా నిలబడుతుంది. పట్టపగలు కళ్లు మూతలు పడుతుంటాయి. రెక్కలు కాస్త వేలాడతాయి. మిగతావి నేల గీరుకుంటుంటే దానికి పట్టదు. ఇలా గంటల తరబడి ఉంటే మిగతా పరీక్షలు పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా దాన్ని వేరు చేయండి.

గుడ్డుకొచ్చిన పెట్టకి కాలు ఒకచోట నిలవదు. చీకటి మూలలు, బుట్టలు, చెట్ల పొదలు అన్నీ వెతుకుతుంది. లోపలికి దూరుతుంది, బయటికొస్తుంది, మళ్లీ దూరుతుంది. గడ్డిపరకలు ముక్కుతో తీసి వీపు మీదికి విసురుకుంటుంది. ఎన్నడూ లేనిది కొక్కరించడం మొదలుపెడుతుంది. ఇంత హడావుడి తర్వాత గూట్లో అరగంట నుంచి రెండు గంటలదాకా కదలకుండా కూర్చోవచ్చు. చాలామంది పెట్టని చూసేది ఈ కూర్చున్న ఘట్టంలోనే, అందుకే భయపడతారు. గుడ్డు పెట్టినా పెట్టకపోయినా కాసేపటికి లేచి వచ్చి మామూలుగా తింటోందా అన్నది చూసుకోండి.

నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తుంటే ముందు ఎండ సంగతి చూడండి. కోళ్లకి చెమట పట్టదు. వేడెక్కితే ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పుతాయి. నీడ, చల్లటి నీళ్లు దొరికితే తగ్గుతుంది. చల్లటి పూట కూడా నోరు తెరిచే ఉంటే, గురగుర చప్పుడు వస్తుంటే, ముక్కుల్లోంచి నీరు కారుతుంటే, కళ్ల చుట్టూ వాచి ఉంటే అది ఊపిరి జబ్బు.

చివరిగా, దానికి బాగా ఇష్టమైనది నాలుగు గింజలు విసరండి. ఉరికొచ్చి తింటే సగం బెంగ తీరినట్టే. సగమే అన్నాను ఎందుకంటే, కొన్ని జబ్బు కోళ్లు మందతో పాటు పరిగెత్తుకొస్తాయి, గింజని ముక్కుతో ఎత్తి వదిలేస్తాయి. గొంతు దిగిందా లేదా అని చూడండి.

తురాయి చెప్పే సంగతి

నన్నడిగితే అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఇదే, తప్పుగా చదివేదీ ఇదే. పిల్లప్రాయంలో నెత్తి మీది తురాయి, గొంతు కింద తమ్మెలు చిన్నగా, పాలిపోయిన గులాబీ రంగులో, పొడిపొడిగా ఉంటాయి. గుడ్డు కట్టే దశకి ఒంట్లో హార్మోన్లు పెరిగేకొద్దీ అవి ఉబ్బి, నిగనిగలాడుతూ ఎర్రబడతాయి. ముఖం కూడా ఎర్రబడుతుంది. ఈ మార్పు కొన్ని వారాలు పడుతుంది. రోజూ చూసే కంటికి పెద్దగా తెలియదు కాబట్టి వారానికొకసారి ఒకే వెలుతురులో ఫోను ఫొటో తీసి పెట్టుకోండి. నాలుగు ఫొటోలు పక్కపక్కన పెడితే వేరే రుజువు అక్కర్లేదు.

తిరకాసు పాలిపోయిన తురాయి దగ్గర వస్తుంది. ఇంకా ఎర్రబడని తురాయి వేరు, ఎర్రబడి వెలిసిపోయిన తురాయి వేరు. మొదటిది వయసు చాలకపోవడం. రెండోది ఒంట్లో రక్తం తగ్గడం. రక్తం తాగే పురుగులు, కడుపులో ఏలికపాములు, రక్తపారుడు జబ్బు, వీటిలో ఏదో ఒకటి అయ్యుండొచ్చు. పాత ఫొటో లేకపోతే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఊదా లేదా నీలి రంగు కమ్మితే గుండెకో ఊపిరికో కష్టం వచ్చినట్టు, ఆలస్యం చేయకూడదు. పుట్టుకతోనే ముఖం, తురాయి నల్లగా ఉండే జాతులు కొన్ని ఉన్నాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. తురాయి మీద పొక్కులు కట్టి పెచ్చుల్లా ఉంటే అమ్మోరు అయ్యుండొచ్చు, పొడుచుకున్న గాయమూ కావచ్చు. గాయమైతే రెండు మూడు రోజుల్లో ఎండుతుంది. పొక్కులైతే కొత్తవి లేస్తుంటాయి.

కింద కూర్చోవడంలో తేడా

మొదట్లో చెప్పిన కూర్చోవడం ఇదే. గుడ్డుకొచ్చిన పెట్ట వీపు మీద చెయ్యి వేయబోతే టక్కున ఆగి, కాళ్లు మడిచి, వీపు చదును చేసి, రెక్కలు కొద్దిగా విప్పి నేలకి అణుగుతుంది. అది పుంజుకి లొంగే భంగిమ. పుంజు లేనిచోట మన చేతినే పుంజనుకుంటుంది. చెయ్యి తీసేస్తే లేచి, ఒళ్లంతా ఒకసారి ఈకలు దులుపుకుని తన దారిన పోతుంది. ఇది మొదలైతే చాలా పెట్టలు వారం, రెండు వారాల్లో గుడ్డు పెడతాయి. కొన్ని గుడ్డు పెట్టాకే ఇలా కూర్చోవడం నేర్చుకుంటాయి. కొన్ని అసలెప్పుడూ కూర్చోవు. కాబట్టి కూర్చోలేదని గుడ్డు రాదనుకోకండి.

జబ్బు పెట్ట మీరు రాకముందే కూర్చుని ఉంటుంది. మీరు వెళ్లిపోయినా లేవదు. అందుకే తాకాక ఐదడుగులు వెనక్కి వేసి చూడండి. లేచి దులుపుకుందా? తూలిందా? ఒక పక్కకి ఒరిగిందా?

ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడుకుంటే మారెక్స్ అనే వైరస్ జబ్బుని అనుమానించాలి. ఇది ఎక్కువగా పిల్లప్రాయం దాటి గుడ్డుకొచ్చే వయసులోనే బయటపడుతుంది, మనల్ని మోసం చేసేది అందుకే. దీనికి మందు లేదు. పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజే వేసే టీకా ఒక్కటే రక్షణ. కాకపోతే కాలు బెణికినా, అరికాల్లో పుండు ఉన్నా కోడి ఇలాగే కూలబడుతుంది. వైరస్ అని తీర్మానించేముందు కాళ్లు, పాదాలు ఒకసారి తడిమి చూడండి.

చేతిలోకి తీసుకుని చూడటం

దీనికి మంచి వేళ రాత్రి. దండెం మీద నిద్రపోతున్న కోడి పెనుగులాడదు. చంకలో పెట్టుకుని, టార్చిలైటు పట్టుకోవడానికి ఇంకొకరిని తోడు పిలవండి. మేత సంచి ఒక్కటి మాత్రం పొద్దున్నే, దాణా వేయకముందు చూడాలి.

మేత సంచి అంటే మెడ కింద, రొమ్ముకి కాస్త కుడివైపు ఉండే తిత్తి. సాయంత్రం నిండుగా, తెల్లారేసరికి ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా గట్టి ఉండలా తగులుతుంటే మేత దిగకుండా అడ్డం పడినట్టు. నీళ్ల బుడగలా మెత్తగా ఉండి నోట్లోంచి పులిసిన వాసన వస్తుంటే లోపల పులిసిపోయినట్టు. కోడిని తలకిందులు చేసి కక్కిస్తే పోతుందని కొందరు చెప్తారు. చేయకండి. ఆ నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోతే మీ చేతుల్లోనే చచ్చిపోతుంది.

తర్వాత రొమ్ము ఎముక. దానికి రెండు పక్కలా కండ ఉండాలి. ఎముక కత్తి అంచులా తగులుతుంటే చాలా రోజులుగా సరిగా తినడం లేదన్నమాట, ఈకల వల్ల మీకు కనబడలేదంతే. వారానికొకసారి తూకం వేసే అలవాటుంటే ఇంత దూరం రాదు. గుడ్డుకొచ్చే పెట్ట బరువు పెరుగుతుంది, తగ్గదు.

ఇప్పుడు గుడ్డు వచ్చే ద్వారానికి రెండు పక్కలా రెండు సన్నటి ఎముకల కొసలు వెతకండి. గుడ్డుకి రాని పెట్టలో అవి గట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, మధ్యలో ఒక వేలు పట్టడమే కష్టం. గుడ్డు దగ్గరపడేకొద్దీ అవి మెత్తబడి ఎడం అవుతాయి, రెండు వేళ్లు పడతాయి. గుడ్లు పెడుతున్న పెట్టలో మూడు వేళ్లు కూడా పట్టొచ్చు. అందరి వేళ్లూ ఒకటి కాదు, అన్ని జాతులూ ఒకటి కాదు. కాబట్టి ఈ లెక్కని గీతలా పట్టుకోకుండా, అదే పెట్టకి పోయిన వారం ఎంత ఉంది, ఈ వారం ఎంత ఉంది అని పోల్చుకోండి. ద్వారం కూడా మారుతుంది. ముందు చిన్నగా, గుండ్రంగా, పొడిగా ముడుచుకుని ఉండేది పెద్దదై, అడ్డంగా సాగి, తేమగా కనిపిస్తుంది. తురాయి ఎర్రబడి, ఎముకలు ఎడమై, ద్వారం తేమగా ఉండి, మేత సంచి పొద్దున ఖాళీగా ఉంటే ఇంక సందేహం అక్కర్లేదు.

కడుపు మెత్తగా ఉండాలి. నీళ్ల సంచిలా వేలాడుతున్నా, రాయిలా గట్టిగా ఉన్నా అది గుడ్డు కాదు, లోపల వాపో నీరో చేరడం.

ఈకలు పక్కకి తీసి ద్వారం చుట్టూ టార్చి వేయండి. ఈకల మొదళ్లలో తెల్లటి గుత్తులు అంటుకుని ఉంటే పేల గుడ్లు. రక్తం తాగే ఎర్ర పురుగులు మాత్రం పగలు కోడి మీద ఉండవు, దండెం పగుళ్లలో దాక్కుని రాత్రి ఎక్కుతాయి. చీకటి పడ్డాక దండెం అడుగున తెల్లగుడ్డతో రుద్దితే ఎర్రటి మరకలు పడతాయి. తురాయి వెలిసిన పెట్టకి మందు వెతికేముందు ఈ గుడ్డ పరీక్ష చేయండి.

నేల మీద ఈకలు రాలుతున్నాయని మాత్రం బెదరకండి. గుడ్డుకొచ్చేలోపు పిల్లలు ఒకటికి మించి సార్లు ఈకలు మార్చుకుంటాయి.

రెట్ట

దండెం కింద రాత్రి ఒక కాగితం పరిచి పొద్దున చూడండి. గోధుమ లేదా బూడిద రంగులో గట్టిగా, పైన తెల్లటి పొర ఉంటే మామూలు రెట్ట. మధ్యమధ్యలో ముదురు గోధుమ రంగులో, జిగురుగా, దుర్వాసనతో ఒకటి పడుతుంది. అది కూడా మామూలే, పేగు చివరి తిత్తులు ఖాళీ అవడం. కొత్తవాళ్లు దీన్ని చూసే ఎక్కువగా భయపడతారు. గూట్లో చాలాసేపు కూర్చున్న పెట్ట ఒకేసారి పెద్ద ముద్ద వేసినా అంతే.

రక్తం కనబడితే రక్తపారుడు అనుకోవాలి. ఇది చిన్న పిల్లల్లో ఎక్కువ, కానీ తడి నేల మీద పెరిగే పెట్టలకీ వస్తుంది. పచ్చ గడ్డి తినకపోయినా రెట్ట చిక్కటి ఆకుపచ్చగా పడుతుంటే కడుపులో మేత లేక పైత్యరసమే వస్తోందన్నమాట. ఆకుపచ్చ విరేచనంతో పాటు మెడ వంకర తిరగడం, ఊపిరి కష్టం ఉంటే కొక్కెర తెగులు అనే వైరస్ జబ్బు కావచ్చు. అది మందంతటికీ పాకుతుంది.

రెండూ కలిసే చోటు: గుడ్డు ఇరుక్కోవడం

గుడ్డుకొచ్చిన మాట నిజమే, జబ్బు పడిన మాటా నిజమే అనే సందర్భం ఇది. ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో సుమారు 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. మొదటి గుడ్డు పెద్దదైనా, ఒంట్లో కాల్షియం చాలకపోయినా, ఒళ్లు కొవ్వు పట్టినా అది దారిలో ఆగిపోవచ్చు. పెట్ట నిటారుగా, తోక నేలకి ఆనేంతగా నిలబడి ముక్కుతుంది. తోక పైకీ కిందికీ ఆడిస్తుంది. గూట్లోకి వెళ్తుంది, ఏమీ పెట్టకుండా వస్తుంది. మేత ముట్టదు.

గుడ్డు పెట్టేముందు కాసేపు ఇలా ముక్కడం మామూలే. కానీ గంటలు గడిచి నీరసపడుతుంటే లోపలికి తెచ్చి, స్నానానికి వాడేంత గోరువెచ్చటి నీళ్లలో నడుం మునిగేలా 15, 20 నిమిషాలు కూర్చోబెట్టండి. తర్వాత బాగా తుడిచి, చీకటిగా వెచ్చగా ఉన్న పెట్టెలో ఒంటరిగా వదలండి. ఆ రోజుకి రాకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కడుపు నొక్కి గుడ్డు బయటికి తోయకండి. లోపల పగిలితే పెంకు ముక్కలు కోసుకుని చీము పడుతుంది.

గుడ్డుతో పాటు ఎర్రటి కండ బయటికి వచ్చి లోపలికి పోకుండా ఉంటే వెంటనే వేరు చేయండి. మిగతా కోళ్లు ఆ ఎరుపు చూస్తే పొడిచి చంపేస్తాయి.

ఇంత చూసినా తేలకపోతే

మిగతావాటికి కనబడేలానే, తడక అడ్డం పెట్టి వేరుగా ఉంచండి. పూర్తిగా ఒంటరిని చేస్తే ఆ దిగులుకే మేత మానేస్తుంది. నీళ్లు, కొలిచి పోసిన దాణా, కింద శుభ్రమైన కాగితం పెట్టండి. మర్నాడు పొద్దున ఎంత తిన్నది, రెట్ట ఎలా ఉంది, మేత సంచి ఖాళీ అయిందా అన్న మూడూ చూస్తే చాలావరకు తేలిపోతుంది. గుడ్డు పెట్టబోయే పెట్ట ఇబ్బంది గంటల్లో వచ్చి పోతుంది. మర్నాటికీ అలాగే ఉందంటే, ముందురోజు కంటే నీరసపడిందంటే, డాక్టరుని అడగండి.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ అందాజుగా పట్టకండి. వైరస్‌కి, పురుగులకి అది పనిచేయదు. పైగా మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుదాకా ఆ గుడ్లు తినకూడదు.

ఒకటి కాదు, రెండు మూడు కోళ్లు ఒకేసారి మందగిస్తే ఇంక గుడ్డు ఆలోచన వదిలేయండి. హఠాత్తుగా చచ్చిపోతున్నా, తలలు వాచి తురాయిలు నీలిరంగుకి తిరుగుతున్నా బర్డ్ ఫ్లూ అయ్యే అవకాశం ఉంది. ఉట్టి చేతులతో ముట్టుకోవద్దు, కోసి తినొద్దు, ఎక్కడో పారేయొద్దు. ప్రభుత్వ పశువైద్య అధికారులకి చెప్పండి.

గుడ్డుకొచ్చిందని తేలితే

దాణా మార్చే వేళ ఇదే. పెరిగే పిల్లల దాణాలో కాల్షియం సుమారు 1 శాతం ఉంటుంది, గుడ్ల దాణాలో 3.5 నుంచి 4 శాతం. ఆత్రపడి నెలల ముందే గుడ్ల దాణా వేస్తే ఆ కాల్షియం మూత్రపిండాలని పాడుచేస్తుంది. 18 వారాలు నిండి ఎరుపు కనబడ్డాకో, మొదటి గుడ్డు కనబడ్డాకో మారిస్తే సరిపోతుంది. మందలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటే అన్నిటికీ పెరిగే దాణానే వేసి, ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో పెట్టండి. అవసరమైనది వచ్చి తింటుంది.

గుడ్లు పెట్టే పెట్టె కాస్త చీకటిగా, దండెం కంటే కింద ఉండాలి. ఎత్తుగా ఉంటే రాత్రి అందులోనే పడుకుని పాడుచేస్తాయి. లోపల ఒక ఉత్తుత్తి గుడ్డు పెడితే కొత్త పెట్టకి చోటు తెలుస్తుంది.

మొదటి గుడ్లు చూసి మళ్లీ జబ్బు అనుకోకండి. చిన్నగా ఉంటాయి, ఒకటి పెంకు లేకుండా తోలు సంచిలా రావచ్చు, ఒకటి సొన లేకుండా, ఇంకొకటి రెండు సొనలతో రావచ్చు. పెంకు మీద సన్నటి రక్తపు చార ఉన్నా అది దారి సాగినందువల్లే. ఒకరోజు పెట్టి రెండు రోజులు మానేస్తుంది కూడా. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పెంకు లేని గుడ్లు అదేపనిగా వస్తుంటే మాత్రం ఆల్చిప్పల గిన్నె ఖాళీ అయిందేమో ఒకసారి చూసుకోండి.